కీచురాయి అని…

ఆ గదిలో కుర్చీలు రెండూ పక్కపక్కన వేసి ఉన్నాయి. డిటెక్టివ్ లోపలికి వస్తూనే ఒకదాన్ని ఎత్తి రెండోదానికి ఎదురుగా వేసుకుంది.

“మేం ఎదురుగా కూర్చోం మేడం,” అంది పొడుగమ్మాయి. “ఎదురుగా కూర్చుంటే స్టేషన్లో నిలదీసినట్టు ఉంటుందని.”

“పక్కన కూర్చుని అడగడం నాకు చేతకాదు తల్లీ. కూర్చో. టైమెంతయింది?”

“మూడు నలభై.”

“మూడు నలభై రెండు,” అంది డిటెక్టివ్ చేతి గడియారం చూసుకుని.

ఆవిడకి టైంటేబులమ్మ అని పేరు ఊరికే రాలేదు. పోలీసు శాఖలో ముప్ఫై ఏళ్ళు చాకిరీ చేసి రిటైరైన మనిషి. మోకాళ్ళకి తైలం రాసుకుంటూ ఇంటిపట్టున ఉండవలసింది, ఉండలేక సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. ఎవరు ఏడుస్తూ వచ్చినా ముందు మంచినీళ్ళిస్తుంది, గ్లాసు కింద పెట్టేలోపే “ఎన్నింటికి జరిగింది?” అంటుంది. మనుషులు ఆడినంత తేలిగ్గా నిమిషాలు అబద్ధమాడవని ఆవిడ సిద్ధాంతం. సిద్ధాంతం మంచిదే. కానీ అది అన్నివేళలా అక్కరకు వస్తుందని ఎక్కడా రాసి లేదు.

పొడుగమ్మాయి వృక్షశాస్త్రంలో రీసెర్చి చేస్తోంది. లైంగిక దాడికి గురైన విద్యార్థినులకు తోడుండే వలంటీర్లు ఆ యూనివర్సిటీలో తొమ్మిదిమంది, వాళ్ళలో ఈమే పెద్దది. జీతం లేదు, సర్టిఫికెట్టు లేదు. ఫోను మోగితే లేచి వెళ్ళాలి. ఆస్పత్రిలో పక్కన కూర్చోవాలి. ఆ పిల్ల స్టేషన్‌కి వెళ్తానంటే వెంట నడవాలి, వెళ్ళనంటే నోరు మూసుకోవాలి. జిమ్ము వెనక ఒకప్పుడు బంతులు దాచుకునే గదిని దయతలచి వీళ్ళకిచ్చారు. రబ్బరు వాసన ఇంకా వదల్లేదు. గోడ మీద చేత్తో రాసిన కాగితం ఒకటుంది. ‘ఎందుకు అని అడగొద్దు. ఎవరు అని అడగొద్దు. చెప్పింది చెప్పినట్టు రాయండి.’

డిటెక్టివ్ అందులో రెండో వాక్యాన్ని రెండుసార్లు చదివింది. ఉప్పు ముట్టుకోకుండా వంట చేయమన్నట్టు అనిపించింది ఆవిడకి.

“ఫోన్లో చెప్పిందే మళ్ళీ మొదట్నించీ చెప్పు. సొంత కవిత్వం వద్దు.”

పొడుగమ్మాయి చెప్పింది. పందొమ్మిది రోజుల కిందట ఎమ్మెస్సీ రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె ఈ గదికి వచ్చింది. ఇరవై రెండేళ్ళది. పేరు వీళ్ళు రాసుకోరు. ఆ రోజే హెల్త్ సెంటర్లో పరీక్ష జరిగింది. దొరికిన సాక్ష్యాలన్నీ ఒక డబ్బాలో పెట్టి సీలు వేసి ఫ్రిజ్‌లో దాచారు. డబ్బా మీద నలభై ఒకటి అని నంబరుంటుంది. ఆ అమ్మాయి ఎంచుకున్న గుర్తుమాట ఒకటి రిజిస్టర్లో ఉంటుంది. ఆమెకి ఎప్పుడు ధైర్యం వస్తే అప్పుడు ఆ డబ్బా పోలీసుల చేతికి వెళ్తుంది. పద్దెనిమిది రోజులు ధైర్యం రాలేదు. ఇవాళ పొద్దున్న పదకొండింటికి వచ్చి ‘రేపు స్టేషన్‌కి వెళ్దాం అక్కా’ అంది. అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి వద్దామని పొడుగమ్మాయి మూడింటికి హెల్త్ సెంటర్‌కి వెళ్ళింది. అరలో నలభై ఉంది, నలభై రెండు ఉంది. మధ్యది లేదు. మధ్యాహ్నం ఆ అమ్మాయే వచ్చి తీసుకెళ్ళిందంది నర్సు, కానీ ఆ అమ్మాయి రెండున్నర దాకా ఈ గది దాటలేదు.

“డబ్బా పోతే ఏమవుతుంది?”

“ఇంకేం మిగల్దు మేడం. మూడు వారాలైపోయింది, మళ్ళీ పరీక్ష చేసినా ఏం దొరకదు. రేపు స్టేషన్లో తన మాట ఒక్కటే ఉంటుంది. మాట ఒక్కటే పట్టుకెళ్ళినవాళ్ళని వాళ్ళెలా పంపిస్తారో మీకు తెలుసుగా.” ఆమె ఫోను చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేసింది. “తనకింకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలీట్లేదు.”

“ఆ డబ్బా బయటికి రావాలంటే ఏం కావాలి?”

“పరీక్షయ్యాక తనకిచ్చిన చీటీ, దాని మీద నంబరు. గుర్తుమాట. ఆ మాట చీటీ మీద ఉండదు, నోటితో చెప్పాలి.”

“మాట ఎంతమందికి తెలుసు?”

“తనకి, నాకు, అక్కడి నర్సుకి. మాలో మేం కూడా చెప్పుకోం.”

“నువ్వు రాసుకున్నదేదీ?”

పొడుగమ్మాయి బీరువా తాళం తీసి నోట్‌బుక్ ఇచ్చింది. చెప్పింది చెప్పినట్టు రాయడమంటే వీళ్ళు అక్షరాలా పాటిస్తారు. ఏడ్చిన చోట ఏడ్చిందని ఉంటుంది, మాట ఆగిన చోట మూడు చుక్కలుంటాయి. మొదటి రోజు పేజీ పైన ఇలా ఉంది.

‘నేను: నీ పేరు వద్దు. ఏమని రాసుకోను?

తను: కీచురాయి అని…

నేను: సరే. మంచినీళ్ళు తాగుతావా?’

“కీచురాయా?” అంది డిటెక్టివ్.

“అందరూ పువ్వులూ పిట్టలూ పెట్టుకుంటారు మేడం. ఇదొక్కతే పురుగు పేరు పెట్టుకుంది. నాకూ వింతగానే అనిపించింది. ఎందుకని అడక్కూడదు కదా.”

“సరే. చేసినవాడెవడు?”

“తెలీదు.”

“తెలీదా, చెప్పవా?”

“తెలీదు మేడం. తను చెప్పలేదు. మేం అడగం.”

“పందొమ్మిది రోజులు పక్కన కూర్చుని, ఎవడని ఒక్కసారి అడగలేదా?” డిటెక్టివ్‌కి నిజంగానే కోపం వచ్చింది. “చిలకపలుకుల్లా గోడ మీద రాసుకున్నారు సరే, బుర్ర కూడా గోడకే తగిలించేశారా?”

పొడుగమ్మాయి తల దించలేదు. “ఇంతకుముందు అడిగేవాళ్ళు మేడం. అప్పుడు ఏడాది మొత్తం మీద ఇద్దరు వచ్చారు. అడగడం మానేశాక మొన్నటికి నలభై రెండు మంది.”

డిటెక్టివ్ ఆ సంగతి వదిలేసి గంటల్లోకి దిగింది. “ఇవాళ పొద్దున్నించీ ఆ పిల్ల పక్కన ఎవరెవరున్నారు? నిమిషాలతో సహా చెప్పు.”

“పదకొండు నుంచి నేనే. రేపు స్టేషన్‌కి వెళ్ళాలి కదా, ఇంట్లోవాళ్ళు ఒకరుంటే బలమని, మీ అక్కని పిలవనా అని అడిగాను. తనని పెంచింది ఆవిడే.”

“ఏమంది?”

“ఏం అన్లేదు.”

“ఏమీ అనకపోతే?”

“పిలిచాను. పదకొండు ఇరవైకి. మౌనం అర్ధాంగీకారం అంటారు క…” పొడుగమ్మాయి అక్కడే ఆగిపోయింది. ఆమె చూపు డిటెక్టివ్ భుజం మీదుగా వెనక గోడకి వెళ్ళి అతుక్కుంది. డిటెక్టివ్ తిరిగి చూసింది. ఎర్ర రంగుతో బారెడు పోస్టరు. ‘మౌనం అంగీకారం కాదు.’ అడుగున వేసినవాళ్ళ సంతకం ఉంది. అది ఈ పిల్ల సంతకమే.

తిట్టడానికి డిటెక్టివ్‌కి నోరు రాలేదు.

“తర్వాత?”

“పన్నెండు నలభై అయిదుకి అక్కా బావా కారులో వచ్చారు. బావగారు చాలా మర్యాదస్తుడు మేడం. ఇలాంటి గదిలోకి మగవాళ్ళు రాకూడదని తనే కార్లో ఉండిపోయాడు. అక్క లోపలికొచ్చింది. డబ్బా సంగతి, రేపటి సంగతి అన్నీ ఆవిడకి వివరంగా చెప్పాను, భయం పోవాలని. ఒంటిగంటా ఇరవై అయిదుకి చెల్లెలికి తలనొప్పి మాత్రలు తెస్తానని బయటికెళ్ళింది. ఒకటీ యాభై అయిదుకి వచ్చేసింది. రెండున్నరకి ఇద్దరూ హాస్టల్‌కి వెళ్ళారు, బట్టలు సర్దుకోవాలని.”

“మాత్రలకని వెళ్ళేటప్పుడు ఆ పిల్ల సంచీ ఎవరి దగ్గరుంది?”

“అక్క దగ్గర.” పొడుగమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. “మేడం, మీరు అనుకుంటున్నది కాదు. ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది.”

“ఏడ్చినవాళ్ళంతా అమాయకులైతే నేను ఉద్యోగంలో చేరిన వారానికే ఇంటికెళ్ళిపోయేదాన్ని. పద.”

హెల్త్ సెంటర్ అక్కడికి సరిగ్గా ఐదు నిమిషాలు. మోకాళ్ళు బాగా లేవు కాబట్టి డిటెక్టివ్‌కి ఏడు పట్టింది. ఆ రెండు నిమిషాలూ లెక్కలోంచి తీసేసుకుని లోపలికి అడుగుపెట్టింది.

కౌంటర్ వెనక నర్సు యాభై దాటిన మనిషి. ఎవరూ అడక్కముందే “నేనేం తప్పు చేయలేదండీ” అని మొదలుపెట్టింది. “వచ్చింది, నంబరు చెప్పింది, మాట చెప్పింది. వెనక్కి తీసుకునే ఫారం నింపమన్నాను, నింపింది. డబ్బా ఇచ్చాను. వాళ్ళది వాళ్ళు ఎప్పుడైనా తీసుకోవచ్చు, ఆ హక్కు వాళ్ళకుంది.”

“మొహం ఎలా ఉంది?”

“మాస్కు వేసుకుంది. వేసుకోకపోయినా నేను చూడనండీ. ఈ పిల్లల్ని పరీక్షగా చూస్తే ఇంకోసారి ఈ గుమ్మం తొక్కరు, తల దించుకుని మాట్లాడమని మాకు చెప్పారు.”

“చేతులైనా చూశారా?”

“చూశాను. వణుకుతున్నాయి. ఈ ఫారం నింపే చెయ్యి ఏదైనా వణుకుతుంది.”

డిటెక్టివ్ నిట్టూర్చింది. ఒకరు ఎవరని అడగరు, ఇంకొకరు మొహం చూడరు. ఎవర్ని తప్పుపట్టాలి? ఆ పిల్లల మీద దయతో వీళ్ళు ఒక్కొక్క తలుపే మూసుకుంటూ వచ్చారు, దొంగ ఆ మూసిన తలుపుల మధ్యనుంచే దర్జాగా నడిచి వెళ్ళిపోయింది.

ఫ్రిజ్ చూసింది. చిన్న తాళం, చెక్కుచెదరలేదు. తాళంచెవి నర్సు మెడలోనే ఉంది. అరలో నలభైకీ నలభై రెండుకీ మధ్య జానెడు ఖాళీ. రిజిస్టర్లో పేజీలు చింపిన జాడ లేదు. ఇక మిగిలింది ఫారం. అందులో మూడే గళ్ళు. నంబరు నలభై ఒకటి. గుర్తుమాట కీచురాయి. మూడో గడి ‘కారణం, ఇష్టమైతే రాయండి.’ అక్కడ వణికిన అక్షరాలతో రెండు మాటలున్నాయి. ‘ఇంట్లో మాట్లాడుకున్నాం.’

కింద నర్సు వేసిన టైము రెండూ ఐదు.

“చూశారా మేడం,” అంది పొడుగమ్మాయి, బరువు దిగినట్టు. “రెండూ ఐదుకి అక్క మా గదిలోనే ఉంది. నా కళ్ళెదురుగా ఉంది.”

డిటెక్టివ్ తల పైకెత్తి గోడ గడియారం చూసింది. నాలుగూ ముప్ఫై రెండు. చేతి గడియారం చూసుకుంది. నాలుగూ పన్నెండు.

“ఇదేమిటి, ఇరవై నిమిషాలు ముందుంది?”

నర్సు మొహమాటంగా నవ్వింది. “డ్యూటీ దిగేసరికి బస్సు వెళ్ళిపోతోందని ఎవరో ముందుకి తిప్పారండీ. మాకలవాటైపోయింది.”

“అంటే ఈ సంతకం ఒకటీ నలభై అయిదుకి.”

పొడుగమ్మాయి మొహంలో బరువు మళ్ళీ ఎక్కి కూర్చుంది.

“అక్కా, రిటైరైనా రెస్టు లేదన్నమాట,” అన్నారెవరో వెనకనుంచి.

గుమ్మంలో యూనివర్సిటీ సెక్యూరిటీ చీఫ్ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు పోలీసు శాఖలో డిటెక్టివ్ కింద పనిచేసినవాడే. ఒక రిపోర్టులో నలభై నిమిషాలు అటూ ఇటూ జరిపితే ఆవిడ ఎర్ర సిరాతో సరిచేసి పైకి పంపింది. దాంతో రెండేళ్ళు ప్రమోషన్ ఆగిపోయింది. ఉద్యోగం మారినా, జుట్టు నెరిసినా ఆ రెండేళ్ళని అతను మర్చిపోలేదు.

“కారిడార్ కెమెరా చూశావా?” అంది ఆవిడ.

“చూశాను.”

“చూపించు.”

“తప్పకుండా. ముందు అమ్మాయి పేరు రాసివ్వండి. పేరు లేని కేసుకి రికార్డింగ్ ఇవ్వడానికి రూల్స్ ఒప్పుకోవు.”

“పేరు నాకూ తెలీదు.”

“అదే నేననేది. బాధితురాలి పేరు లేదు, చేసినవాడి పేరు లేదు, కంప్లయింటు లేదు. గాలిని మూటగట్టి తెమ్మంటే ఎలా? నేను రాసేది ఒక్కటే. నలభై ఒకటో డబ్బా పొరపాటున చెత్తలో పోయింది. పైవాళ్ళకీ అదే కావాలి.”

“చెత్తలో నేను పడేశానని రాస్తారా?” అంది నర్సు.

“ఎన్నింటికి పడేసినట్టు రాస్తావు?” అంది డిటెక్టివ్ మెల్లిగా. “ఈసారైనా నిమిషాలు సరిగ్గా వెయ్యి.”

చీఫ్ మొహం కందగడ్డలా అయింది. “ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నన్ను కాదు, ముందు గుర్తుమాట బయటికి పొక్కనిచ్చిన మీ సేవకురాళ్ళని నిలదీయండి. వచ్చిందేం స్టూడెంటు కాదు. ముప్ఫై మూడో నాలుగో ఉంటాయి, పిల్లా మేకా అని ఇంటిపనిలో అలిసిపోయిన మనిషి నడక. చేతిసంచీలో డబ్బా కుక్కుకుని…”

చెప్పకూడనిది చెప్పేశానని అతనికి అప్పుడు తట్టింది. నోరు మూసేసుకున్నాడు.

“చాలు,” అంది డిటెక్టివ్. వేరే కేసయితే ఆవిడకి లోపల్లోపల సంబరంగా ఉండేది. ఇవాళ అది కూడా రాలేదు.

హాస్టల్ దారిలో ఆవిడ తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అంది. “కీచురాయి ఎవరికి వాళ్ళు పెట్టుకునే పేరు కాదు. మనకి మనం పెట్టుకుంటే ముద్దుగా పెట్టుకుంటాం. అలాంటి పేరు ఎవరో ఆటపట్టించడానికి పెడితేనే వస్తుంది. ఇంట్లో పెట్టిన పేరది. ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది.”

“అక్క చెల్లెలి డబ్బా ఎందుకు తీసుకెళ్తుంది మేడం? ఆవిడకేం వస్తుంది?”

“అదే నాకూ అంతుబట్టట్లేదు.”

నాలుగు నలభై ఎనిమిదికి వాళ్ళు హాస్టల్ రెండో అంతస్తులో గది తలుపు తట్టారు. అక్క ఒక్కతే ఉంది. మంచం మీద బట్టలు గుట్టగా పోసి, ఒక్కొక్కటీ మడతపెట్టి పెట్టెలో సర్దుతోంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పొడుగమ్మాయిని చూసి నవ్వబోయింది.

“ఒకటీ నలభై అయిదుకి హెల్త్ సెంటర్లో ఉన్నావమ్మా,” అంది డిటెక్టివ్.

అక్క చేతిలో చున్నీ అలాగే పట్టుకుని మంచం అంచున కూలబడింది. బుకాయించలేదు. “దొంగతనమేం చేయలేదండీ. నా చెల్లెలిది, నేను తెచ్చాను.”

“ఎందుకు తెచ్చావు?”

“మాకు అమ్మా నాన్నా లేరు. దాన్ని నేనే పెంచాను. దాని చదువు అయ్యాకే నా పెళ్ళి అని భీష్మించుకు కూర్చుంటే, దాని ఇంటరయ్యాక అదే నన్ను బలవంతాన ఒప్పించింది. దానికి పద్దెనిమిదొచ్చాక నేను పెళ్ళి చేసుకున్నాను. రేపు స్టేషను, ఎల్లుండి కోర్టు, ఆ తర్వాత పేపరు. దాని బతుకేం కావాలి?”

“ఈ ఆలోచన నీదేనా?”

“ఆయన చెప్పారు. మాత్రల కోసం వెళ్ళినప్పుడు కారు దగ్గర ఆగితే, ముందు ఆ డబ్బా మన చేతిలోకి తెచ్చుకో, ఇంటికెళ్ళి నిదానంగా ఆలోచిద్దాం అన్నారు. నాకూ సబబే అనిపించింది. చీటీ దాని సంచీలోనే ఉంది.”

“గుర్తుమాట ఎవరు చెప్పారు?”

“అదే చెప్పింది. అంతకుముందే, ఈ అమ్మాయి ఫోనొచ్చి బయటికెళ్ళినప్పుడు అడిగాను, ఏం మాట పెట్టావే అని. నా మొహంలోకి సూటిగా చూసి చెప్పింది. వినపడలేదనుకుందో ఏమో, మళ్ళీ చెప్పింది. నాకు అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. ఇంకో మాటే దొరకలేదా, మీ బావ పిలిచే పేరు పెట్టుకున్నావేంటే అన్నాను.”

డిటెక్టివ్ మంచానికి దగ్గరగా వచ్చింది. “ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారా?”

“లేదండీ, ఆయనొక్కరే. పెళ్ళిలో నన్ను పంపేటప్పుడు అది ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. అప్పట్నించీ కీచురాయి కీచురాయి అని ఏడిపిస్తారు. మరదలు కదా.”

గది బయట ఎవరో చెప్పులు చప్పుడు చేసుకుంటూ వెళ్ళారు. డిటెక్టివ్ పొడుగమ్మాయి వైపు చెయ్యి చాపింది. “ఆ నోట్‌బుక్ ఇలా ఇవ్వు.”

మొదటి రోజు పేజీ తీసింది. కీచురాయి అని… మూడు చుక్కలు. ఈ పిల్ల ‘ఏమని రాసుకోను’ అని అడిగింది కాబట్టి ఆ ‘అని’ దానికి జవాబులా వినిపించింది. అది జవాబు కాదు. అది సగంలో ఆగిన వాక్యం. కీచురాయి అని పిలిచాడు. కీచురాయి అని దగ్గరికొచ్చాడు. ‘అని’ అంటే ఆ మాట అన్నవాడొకడు ఉంటాడు. వాణ్ణి చెప్పడానికి ఆ అమ్మాయి గొంతు కూడదీసుకునేలోపే ఎదుటివాళ్ళు సరే అని మంచినీళ్ళు అందించారు. ఎవరని అడగని గదిలోకి వచ్చిన ఐదో నిమిషంలోనే ఆ పిల్ల ఎవరో చెప్పడం మొదలుపెట్టింది. మళ్ళీ ఇవాళ అక్క మొహంలోకి చూస్తూ రెండుసార్లు చెప్పింది. అక్క నవ్వింది.

పొడుగమ్మాయి ఆ పేజీ చూసింది. ఏం చూస్తోందో ఆమెకి అర్థమైంది. గోడకి ఆనుకుని అలాగే కిందకి జారి కూర్చుంది. “చెప్పింది చెప్పినట్టే రాశాను మేడం,” అంది.

“ఏమైందండీ?” అంది అక్క. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. “ఏమైందో చెప్పండి. ఎవరో క్లాసులో కుర్రాడే కదా? ఆయన కూడా అదే అన్నారు…” ఆ మాట నోట్లో ఉండగానే ఆమె చూపు ఎక్కడో ఆగింది. పందొమ్మిది రోజుల కిందటి రోజేదో ఆమెకి గుర్తొస్తున్నట్టుంది. చేతిలో చున్నీ జారిపోయింది.

“మీ చెల్లెలెక్కడ?” అంది డిటెక్టివ్.

“ఆయన తీసుకెళ్ళారు. మూడుంబావుకి. హాస్టల్లో అందరూ దాన్నే చూస్తున్నారు, నువ్వు సామానంతా సర్దుకుని బస్సులో రా, దీన్ని నేను ఇంటికి చేరుస్తాను అన్నారు.”

“డబ్బా?”

“కార్లోనే ఉంది.” అక్క గుండె మీద చెయ్యి వేసుకుంది. “అది కారెక్కలేదండీ. ఎక్కనని అన్లేదు, ఊరికే నిలబడిపోయింది. నేనే… నేనే తలుపు తీసి, తల తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి కూర్చోబెట్టాను.”

ముప్ఫై ఏళ్ళలో డిటెక్టివ్ చాలామంది నోట చాలా విన్నది. ఇలాంటిది వినలేదు. ఫోన్ తీసి చీఫ్‌కి చేసింది. కారు రంగు, నంబరు అక్కని అడిగి చెప్పింది. గేటు ఎన్నింటికి దాటిందో చూడమంది.

“మూడూ ఇరవై నాలుగు,” అన్నాడు అతను కాసేపటికి. “బయటి పోలీసుకి నేను చెప్పగలను. కానీ ఏమని చెప్పను? కంప్లయింట్ ఎవరిది? సొంత బావ కార్లో మేజరైన అమ్మాయి ఇంటికెళ్తోంది. పేర్లయినా చెప్పండక్కా.”

అతని గొంతులో ఇప్పుడు వెటకారం లేదు. కానీ అడిగింది న్యాయమే. డిటెక్టివ్ ఫోన్ని అక్క ముందు పెట్టింది. “మీ చెల్లెలి పేరు చెప్పు. మీ ఆయన పేరు చెప్పు. ఇది నేను చెప్తే చెల్లదు.”

అక్క నోరు తెరిచింది. అప్పుడే మంచం మీద ఆమె ఫోను మోగింది. తెర మీద ‘ఆయన’ అని ఉంది.

డిటెక్టివ్ తన ఫోన్ని అరచేత్తో మూసి, గొంతు తగ్గించి చెప్పింది. “స్పీకర్లో పెట్టు. మామూలుగా మాట్లాడు. నీకేమీ తెలీదు.”

“సర్దేశావా?” అన్నాడు అతను. మంచి గొంతు, నిదానమైన గొంతు.

“ఆఁ, అయిపోవచ్చింది. ఇల్లు చేరారా?”

“లేదు, దార్లోనే ఉన్నాం. కాసేపు ఆపాను.”

“దానికివ్వండి ఒకసారి.”

“పడుకుంది. లేపనులే.” ఆ తర్వాత చిన్న విరామం. “పక్కన ఎవరైనా ఉన్నారా?”

అక్క డిటెక్టివ్ వైపు చూసింది. “ఎవరూ లేరు,” అంది.

“సరే అయితే. ఇవాళ బస్సులు రష్షుగా ఉంటాయి. రేపు పొద్దున్న బయల్దేరు, తొందరేం లేదు.” ఫోను పెట్టేశాడు.

డిటెక్టివ్ గడియారం చూసుకుంది. ఐదూ నాలుగు. ఇల్లు గంట దారి. కారు గేటు దాటి గంటా నలభై నిమిషాలు. ఫోన్లో ఇంజను మోత లేదు, రోడ్డు మీద హారన్ లేదు, ఇంకో మనిషి ఊపిరి కూడా వినపడలేదు.

అక్క లేచి డిటెక్టివ్ చేతిలోంచి ఫోన్ లాక్కుంది. చెల్లెలి పేరు చెప్పింది. తర్వాత మొగుడి పేరు, ఇంటిపేరుతో సహా చెప్పింది. “కంప్లయింట్ నాదే రాసుకోండి,” అంది.

అవతల కీబోర్డు టకటకలాడింది. చీఫ్ గేటు కెమెరా వెనక్కి తిప్పుతున్నట్టున్నాడు.

“అమ్మా,” అన్నాడు చివరికి. “గేటు దాటాక మీ ఇల్లు ఎటువైపు?”

“కుడివైపండీ. తిన్నగా గంట దారి.”

“కారు ఎడమకి తిరిగింది.”